ఖాళీగా లేచిన చెయ్యి

ఈత కొలను దగ్గర ఆమెని అందరూ పిన్ని అనేవారు. పిల్లలు అంటే సరే. వాళ్ళని దింపడానికొచ్చే తల్లిదండ్రులు, ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా, పిన్నిగారూ అనే పిలిచేవారు. భర్త ఉన్నన్నాళ్ళూ ఆయన మాస్టారు, ఆమె మాస్టారి భార్య. ఆయన పోయాక ఆమె పిన్ని అయింది.

మాస్టారంటే జీతం పుచ్చుకునే మాస్టారు కాదు. పగలంతా కరెంటు ఆఫీసులో ఉద్యోగం, పొద్దున్నే ఓ గంట పేటలో పిల్లలకి ఈత. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఆమె తువ్వాళ్ళు పట్టుకుని గట్టు మీద నిలబడేది, చెవుల్లో నీళ్ళు పోయిన వాళ్ళ తల ఓ పక్కకి వంచి దులిపేది. ఒకరోజు పనికి బయల్దేరుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఆయన మంచం మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. చివరి గుండీ అలాగే ఉండిపోయింది.

పన్నెండో రోజు దాటిందో లేదో, కొలను తాళాలు చూసే తాత ఇంటికొచ్చాడు.

"పిల్లలు గేటు దగ్గర నిలబడుతున్నారమ్మా. మాస్టారు ఇంక రారురా అంటే వింటున్నారు, తలూపుతున్నారు. మర్నాడు మళ్ళీ వస్తున్నారు."

వాళ్ళకి నచ్చచెప్పి పంపేద్దామనే వెళ్ళింది. వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన మాస్టారి విజిల్ కనిపిస్తే, ఎందుకో తీసుకుని మెడలో వేసుకుంది. ప్లాస్టిక్ విజిల్. ఊదేచోట ఆయన పళ్ళ గాట్లు. ఆమె పళ్ళు ఆ గాట్లలో సరిగ్గా కుదరలేదు గానీ, ఊదితే మోగింది. పిల్లలు వరసలో నిలబడ్డారు. ఇంక ఆమె వాళ్ళని పంపలేకపోయింది.

చిన్నప్పుడు అన్నల వెనకపడి కాలవలో నేర్చుకున్న ఈత ఆమెది. చూడ్డానికి బాగుండదు, మునగనివ్వదు, అంతే. మాస్టారి పద్ధతుల్లో చాలావాటికి పేర్లు కూడా తెలీవు. ఒక్కటి మటుకు గట్టిగా పట్టుకుంది. అది జత. నీళ్ళలో దిగేముందే ప్రతి పిల్లకీ ఓ జత ఉండాలి. కాసేపటికోసారి ఆమె పొడుగ్గా విజిల్ ఊదుతుంది. ఎవరు ఎక్కడున్నా సరే, ఈత ఆపి గట్టుకొచ్చి, జతవాళ్ళ చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. ఆమె ఆ చేతుల్ని లెక్కపెడుతుంది. సరిపోతే పొట్టిగా ఇంకోసారి ఊదుతుంది. మళ్ళీ కేరింతలు, మళ్ళీ నీళ్ళు చల్లుకోవడాలు.

"గోల చేస్తున్నంతసేపూ భయం లేదు," అనేవాడు మాస్టారు. "మునిగేవాళ్ళు అరవరు. నీళ్ళు మూసుకుంటాయి, అంతే."

ఆ మాట ఎందుకన్నాడో, ఎక్కడేం చూశాడో ఆమె ఎప్పుడూ అడగలేదు. పోయాక తాతని అడిగింది.

"నాకూ తెలీదమ్మా. అందరూ పిల్లల మొహాలు చూస్తే ఆయన నీళ్ళ అడుగు వైపు చూసేవాడు. నేనూ అడగలేదు."

ఆ పొద్దుటి గంట తప్పితే ఆమెకి రోజులో ఇంకేమీ మిగల్లేదు. ఇంటికెళ్తే మేకుకి వేలాడే ఆయన తువ్వాలు, బోర్లించిన రెండు కప్పులు. ఒక కప్పు కడిగి, వాడనిదాన్ని కూడా కడిగి బోర్లించేది. మర్నాడు పొద్దున ఎప్పుడవుతుందా అని చూసేది. ఈ సంగతి పిల్లల తల్లిదండ్రుల్లో కొందరు కనిపెట్టారు.

వాళ్ళలో ఒకతని పేరు గడియారం. పిల్లలే పెట్టారు. మెడలో స్టాప్‌వాచీ లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. ఏదో పెద్ద కంపెనీలో ఉద్యోగం, తెల్లటి బూట్లు, నవ్వు మొహం. ఎప్పుడూ గొంతు పెంచడు. అతని కూతురు పిచ్చుక. ఎముకలు లెక్కపెట్టొచ్చు, నీళ్ళలో దిగితే మటుకు తళుక్కుమని అటునుంచి ఇటు. పిచ్చుకకి జత గుమ్మడి. టైలరమ్మ కూతురు, బూరెల్లాంటి బుగ్గలు, అరంగుళం ఈదడానికి అరగంట. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం.

"పిన్నిగారూ, ఒక్క మాట," అన్నాడు గడియారం ఒకరోజు. "మా అమ్మాయి ఊపందుకునేసరికి మీ విజిల్. మళ్ళీ ఊపందుకునేసరికి మళ్ళీ విజిల్. ఇది ఈత క్లాసా, చేతులెత్తే క్లాసా?"

"నిమిషం పని బాబూ."

"పోటీలో నిమిషమంటే ఏమిటో తెలుసా మీకు?"

"తెలీదు. నీళ్ళలో నిమిషమంటే తెలుసు."

అతను నవ్వాడు. ఆ నవ్వు చూస్తే, పాలు పొంగేముందు గిన్నె అంచున చిన్న చిన్న బుడగలు లేస్తాయే, అవి గుర్తొచ్చాయి ఆమెకి.

తర్వాత కొన్నాళ్ళకి పిచ్చుక విజిల్‌కి ఆగడం మానేసింది. అందరి చేతులూ లేచాయి, గుమ్మడి పక్కన ఎవరూ లేరు. పిచ్చుక అవతలి గోడ తాకి, తిరిగి ఈదుకుంటూ వస్తోంది.

"వినపడలేదా తల్లీ?" అని అడిగింది పిన్ని.

పిచ్చుక నీళ్ళు నమిలింది. కళ్ళు గట్టు మీదున్న తండ్రి వైపు వెళ్ళి, తడిసిన కాళ్ళ మీద వాలాయి.

"నేనే ఆగొద్దన్నాను," అన్నాడు గడియారం. జేబులోంచి ఓ కొత్త విజిల్ తీసి చూపించాడు, నల్లగా నిగనిగలాడుతోంది. "దానికి నా విజిల్ చాలు. రెండు చిన్న ఊదులు ఊదితే ఆగుతుంది. మీ విజిల్ మిగతావాళ్ళకి."

"ఒక కొలనులో రెండు విజిళ్ళు కుదరవు బాబూ. పిల్లలు ఏది వింటారు?"

"తెలివైనవాళ్ళు ఏది వినాలో అదే వింటారు."

ఆ వారమే తల్లిదండ్రులంతా బట్టలు మార్చుకునే గదుల పక్కనున్న బెంచీల దగ్గర చేరారు. ఆమెని పిలిచి కూర్చోబెట్టారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. అందుకే ఆమెకి భయం వేసింది.

"పక్క పేట పిల్లలు పోటీలకి వెళ్తున్నారు. మనవాళ్ళు ఇంకా చేతులు పట్టుకుని ఆడుకుంటున్నారు," అంది ఒకావిడ.

"మాస్టారుంటే వేరు. ఆయన చూపు వేరు," అన్నాడు ఇంకొకాయన.

గడియారం చెయ్యి ఎత్తి అందర్నీ ఆపాడు. "ఆవిణ్ణి ఏమీ అనకండి. తోడు పోయిన మనిషి. భయం ఉంటుంది, పాపం. కానీ ఆవిడ భయం మన పిల్లలకి అంటించలేం కదా. అంతగా ఇబ్బందైతే కొలను ఆఫీసువాళ్ళతో మాట్లాడి వేరే కోచ్‌ని పెట్టుకుందాం. ఆవిడా ఇంటిపట్టున విశ్రాంతి తీసుకుంటారు."

ఇంటిపట్టున. ఆమెకి మేకు, తువ్వాలు, రెండు కప్పులు కళ్ళ ముందు మెదిలాయి.

టైలరమ్మ ఒక్కతే గొంతు సవరించుకుంది. "పిన్నిగారు చెప్పేది కూడా..." అని మొదలుపెట్టి, చుట్టూ చూసి, చేతిసంచీ జిప్పు సరిచేసుకుంది. ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది.

"సరే," అంది పిన్ని. "గోడ పక్క వరస మీరు తీసుకోండి బాబూ. మీ పిల్లని మీరు చూసుకోండి. నా విజిల్‌కి ఆగక్కర్లేదు."

ఆ మాట నోట్లోంచి బయటపడుతుండగానే, ఇంట్లో పొయ్యి ఆర్పకుండా వచ్చానా అన్నట్టు గుండె జారింది. కానీ అనేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఊపింది.

అప్పట్నుంచి కొలను రెండు ముక్కలైంది. మధ్యలో తాడు. ఇటు పిల్లలంతా, అటు గోడ పక్కన పిచ్చుక ఒక్కతే, గట్టు మీద దాని వెంటే నడుస్తూ తెల్ల బూట్లు. పొడుగు విజిల్ మోగితే ఇటువైపు చేతులు జతలు జతలుగా లేచేవి. గుమ్మడి ఒక్కతే ఒంటి చెయ్యి ఎత్తేది. వేళ్ళు కొంచెం వంచి, పక్కన ఎవరో పట్టుకున్నట్టే.

మొదట్లో ఆ చెయ్యి చూస్తే పిన్నికి కలుక్కుమనేది. వేరే జతలో కలుపుతానంటే గుమ్మడి ఒప్పుకోలేదు.

"నాకు జత ఉంది పిన్నీ. దూరంగా ఉంది, అంతే."

"చెయ్యి ఖాళీగా ఉందిగా తల్లీ."

"ఖాళీ కాదు. మీరు విజిల్ ఊదగానే అది అక్కడ కాలు కొడుతుంది. ఒక్కసారి, టప్‌మని. అది నాకే. వాళ్ళ నాన్నకి తెలీదు. చెప్పకండేం."

తర్వాతసారి ఊదినప్పుడు పిన్ని చెవి అటు వేసింది. నిజమే. పిచ్చుక ఈత ఆపలేదు, తల తిప్పలేదు, కానీ ఒక కాలు నీళ్ళని గట్టిగా చరిచింది. పెద్దవాళ్ళు తెంపినచోట పిల్లలే ముడేసుకున్నారు. ఆమెకి నవ్వొచ్చింది, కాస్త ధైర్యం కూడా వచ్చింది. ఆ ధైర్యం రాకుండా ఉండాల్సింది. రోజులు గడిచేకొద్దీ ఆ ఒంటి చెయ్యి ఆమె కంటికి అలవాటైపోయింది. జతల లెక్కలో దాన్నీ ఒక జతగా వేసేసుకునేది.

గడియారం మాత్రం అక్కడితో ఆగలేదు. పోటీ దగ్గరపడేకొద్దీ పిచ్చుకని నీళ్ళ కింద ఈదించడం మొదలుపెట్టాడు. గబగబా నాలుగైదుసార్లు గాలి పీల్పించి, ఊపిరి బిగబట్టించి, "వెళ్ళు" అనేవాడు. వాచీ నొక్కేవాడు. పిల్ల పైకి లేచేసరికి పెదాలు నేరేడు రంగులో ఉండేవి.

"బాబూ, ఇది వద్దు," అంది పిన్ని. "దాని మొహం చూడండి."

"ఊపిరితిత్తులు పెరుగుతున్నాయి. నిన్నటికంటే ఇవాళ ఎక్కువసేపు ఉంది."

"వేసుకున్న బట్ట పిగిలేదాకా లాగి, ఇంత సాగిందని మురిసిపోయినట్టుంది."

"మీ వైపు మీది, మా వైపు మాది. మీరే అన్నారు కదా పిన్నిగారూ," అన్నాడు నవ్వుతూ.

తాడు అవతల పిచ్చుక గోడ పట్టుకుని ఆయాసపడుతోంది. పిన్నిని చూసి, తండ్రికి కనపడకుండా, రెండు వేళ్ళు కదిపింది. పలకరింపో, ఇంకేమైనానో ఆమెకి తెలీలేదు.

పోటీ ముందు వారం నీళ్ళు శుభ్రం చేసే మిషను పాడైంది. రెండురోజుల్లో కొలను బియ్యం కడిగిన నీళ్ళలా అయింది, మూడోనాటికి పచ్చటి జీర పడింది. అడుగున పలకలు కనపడటం మానేశాయి. తాత గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"మెకానిక్ ఎల్లుండి వస్తాట్ట. అందాకా మూసేద్దామమ్మా. నీళ్ళు నాకు నచ్చలేదు."

ఆ మాట పిన్ని తల్లిదండ్రులకి చెప్పింది. గుంపులో గొణుగుడు. పోటీ ముందు రెండ్రోజులు సెలవా అన్నారు. చివరికి పిల్లలంతా నడుము లోతు దాటకుండా ఉండేట్టు ఒప్పుకున్నారు. గడియారం ఒప్పుకోలేదు.

"మా అమ్మాయికి అడుగు కనపడక్కర్లేదు. గోడ కనపడితే చాలు."

మబ్బు పట్టి ఉంది. వాన రాలేదు, గాలి లేదు. నీళ్ళలో వేసే మందు వాసన ముక్కులో గుచ్చుకుంటోంది. పిల్లలు కూడా ఆవేళ ఎందుకో మెల్లగా మాట్లాడుకున్నారు. పిన్నికి మాస్టారి మాట పదే పదే గుర్తొచ్చింది. గోల చెయ్యండిరా, అందామనిపించింది.

తాడు అవతల పిచ్చుక గోడకి వీపు ఆనించి గబగబా గాలి పీలుస్తోంది. ఛాతీ పక్షి గుండెలా ఎగసిపడుతోంది. "వెళ్ళు" అన్న మాట వినిపించింది. పిచ్చుక మునిగింది. పచ్చటి నీళ్ళు దాని మీద మూసుకున్నాయి. ఒక్క చుక్క కూడా చిందలేదు.

పిన్ని తన వైపు తిరిగి పొడుగ్గా విజిల్ ఊదింది. చేతులు లేచాయి. లెక్కపెట్టింది. గుమ్మడి ఒంటి చేతితో సహా సరిపోయింది. పొట్టి విజిల్ కోసం గాలి పీల్చింది.

గుమ్మడి చెయ్యి ఇంకా పైకి సాగింది.

"ఏమ్మా?"

"పిన్నీ," అంది గుమ్మడి. గొంతు చాలా చిన్నగా ఉంది. "పిచ్చుక కాలు కొట్టలేదు."

పిన్ని తలెత్తింది. గోడ పక్క వరస అద్దంలా ఉంది. బుడగ లేదు, అల లేదు. గట్టు మీద గడియారం వాచీ వైపు వంగి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. ఆమె చూస్తోందని గమనించి వేలెత్తాడు, ఆగండి అన్నట్టు.

"ఇంకా లేవలేదు చూశారా," అన్నాడు. "ఇవాళ అన్ని రోజుల్నీ దాటేసింది."

ఆమె పరుగెత్తిందో, తాడు మీంచి దూకిందో తర్వాత గుర్తులేదు. నీళ్ళలో కళ్ళు తెరిస్తే ఆకుపచ్చ తప్ప ఏమీ లేదు. చేతులతో వెతికింది. చీకటి గదిలో అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు అడుగంతా తడిమింది. పలకలు, జిగురు, పలకలు. ఊపిరి అయిపోతోంది. పైకి లేవాలనుకుంటుండగా వేళ్ళకి జుట్టు తగిలింది.

పైకి తెచ్చేసరికి పిచ్చుక తడి గుడ్డలా వాలిపోయి ఉంది. తాత ఒక చెయ్యి అందుకున్నాడు. గట్టు మీద పడుకోబెట్టారు. పిన్ని దాని నోట్లోకి గాలి ఊదింది, ఛాతీ నొక్కింది, మళ్ళీ ఊదింది. అదొక్కటి మాస్టారు ఆమెకి బలవంతాన నేర్పించాడు, వంటింటి నేల మీద, దిండు పెట్టి. అప్పుడు నవ్వుకుంది ఆమె. పిల్లలంతా నీళ్ళలో అలాగే నిలబడ్డారు. పొట్టి విజిల్ మోగలేదు, అందుకని చేతులు దించలేదు. జతలు జతలుగా, నిశ్శబ్దంగా.

పిచ్చుక ఒళ్ళు ఒక్కసారి జలదరించింది. పక్కకి తిప్పితే నీళ్ళు వచ్చాయి, తర్వాత దగ్గు, తర్వాత సన్నటి ఏడుపు. ఆ ఏడుపంత మంచి చప్పుడు పిన్ని జన్మలో వినలేదు.

గడియారం మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. కూతుర్ని రెండు చేతులా ఎత్తుకుని గేటు వైపు పరుగెత్తాడు. ఒక తెల్ల బూటు గట్టు మీద ఉండిపోయింది.

అందరూ వెళ్ళాక తాత ఆమె దగ్గరికొచ్చాడు. చేతిలో ఆ స్టాప్‌వాచీ. అంకెలు ఇంకా పరుగెడుతున్నాయి.

"నేల మీద పడుందమ్మా. ఎలా ఆపాలో నాకు తెలీదు."

ఆమెకీ తెలీలేదు. ఏదో నొక్కితే ఏదో పోతుందేమోనని భయం. ఇంటికి తీసుకెళ్ళి ఉప్పు డబ్బా పక్కన పెట్టింది. వంట చేస్తున్నా, కప్పులు కడుగుతున్నా అంకెలు కదులుతూనే ఉన్నాయి. పైన తువ్వాలు కప్పింది. కప్పినా లోపల నడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది.

పిచ్చుకని ఆసుపత్రిలో ఉంచి, ప్రమాదం లేదని ఇంటికి పంపారు. మిషను బాగుచేశారు. పోటీకి ఎవరూ వెళ్ళలేదు. కొలను తెరిచే ముందు తల్లిదండ్రులు మళ్ళీ బెంచీల దగ్గర చేరారు. ఈసారి పిన్ని కూర్చోలేదు.

"ఒక విజిల్," అంది. "నాది. గట్టు మీద ఇంకెవరూ నిలబడరు. ఇష్టం లేనివాళ్ళు వేరే కోచ్‌ని తెచ్చుకోండి. నేను ఇంటికి పోతాను. పోవడానికి నాకు ఇల్లుంది."

ఆ చివరి మాట అనడానికి ఆమెకి ఎంత బలం కావలసొచ్చిందో వాళ్ళకి తెలీదు. టైలరమ్మ లేచి ఆమె పక్కన వచ్చి నిలబడింది. సంచీ జిప్పు ముట్టుకోలేదు. ఒకరొకరే తలూపారు. వెళ్తూ వెళ్తూ ఒకాయన మటుకు ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అది సరేగానీ పిన్నిగారూ, ఆ పిల్ల నీళ్ళ కింద ఎంతసేపుందంటారు? అంతసేపు ఉండటం మామూలు విషయం కాదు కదా."

ఆమెకి ఒళ్ళు చల్లబడింది. తిరిగి గేటు వైపు నడిచింది.

మర్నాడు గడియారం కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. గడ్డం పెరిగింది. నల్ల విజిల్ అడక్కుండానే తాత చేతిలో పెట్టాడు. పిన్ని ముందు నిలబడి తల దించుకున్నాడు.

"మీకు ఎలా చెప్పాలో..."

"నాకేం చెప్పొద్దు బాబూ. అదిగో, గేటు అవతల కూర్చోండి."

అతను కదల్లేదు. "నా వాచీ మీ దగ్గరుందని తాత అన్నాడు."

ఆ పొద్దున దాన్ని వెంట తెచ్చింది ఆమె. ఇవ్వక తప్పదనుకుంది. అతను చేతిలోకి తీసుకుని అంకెలు చూశాడు. అది ఎప్పట్నుంచి నడుస్తోందో అర్థమై మొహం పాలిపోయింది. నొక్కాడు. అంకెలు ఆగాయి. జేబులో వేసుకుని, గేటు అవతలికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు.

పిచ్చుక ఎవర్నీ చూడకుండా తిన్నగా గుమ్మడి దగ్గరికెళ్ళింది. గుమ్మడి చెయ్యి చాపింది. ఇద్దరూ మెట్ల మీంచి మెల్లగా దిగారు, నడుము లోతు దాకా, అక్కడే ఆగారు. మధ్యలో తాడు లేదిప్పుడు. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున పలకలన్నీ కనపడుతున్నాయి. కాసేపటికి పిచ్చుక గుమ్మడి చెయ్యి వదిలింది. వదిలి, రెండు బారలు వేసింది.

పిన్ని పొడుగ్గా విజిల్ ఊదింది. చేతులు లేచాయి. గుమ్మడి వేళ్ళ మధ్య పిచ్చుక వేళ్ళు. లెక్కపెట్టింది, సరిపోయింది. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టింది. అప్పుడు పొట్టిగా ఊదింది. పిల్లలు నీళ్ళలోకి ఎగబడ్డారు, పిచ్చుక అందరికంటే ముందు.

సరిగ్గా అప్పుడే వెనక, గేటు అవతల్నించి, టిక్‌మని ఓ చిన్న చప్పుడు. వాచీ నొక్కిన చప్పుడు.

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ కాస్తసేపూ కొలను అడుగు ఎవరు చూస్తారు? మాస్టారి పళ్ళ గాట్ల మీద తన పళ్ళు బిగించి, నీళ్ళలోకే చూస్తూ నిలబడింది.